తునికాకు ధరతో పాటు కట్టకు ఆకులెన్నో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా ఏప్రిల్ రాగానే పత్రికల్లో బీడీలు చుట్టే తునికాకు వార్తలు మొదలవుతాయి. అవతల తెలంగాణలో స్టాండర్డ్ సంచికి ఇంత, ఇవతల మహారాష్ట్రలో ఇంత అని అంకెలు పక్కపక్కనే వేస్తారు. ఇవతలి మా సిరొంచ తాలూకాలో తెలుగు పత్రిక వచ్చే ప్రతి ఇంటి అరుగు మీదా వాటి గురించే మాట. కానీ ఆ రెండు సంచులూ ఒకటి కావు. సంచి అంటే రెండు చోట్లా 1000 కట్టలే. తెలంగాణలో కట్టకు 50 ఆకులు, మహారాష్ట్రలో 70. అంటే అక్కడి సంచిలో 50,000 ఆకులు, ఇక్కడి సంచిలో 70,000. ఈ ఒక్క ముక్క రాయకుండా ధరలు పోలిస్తే చదివినవాళ్లు లెక్క తప్పుతారు.

లెక్క కోసం రెండు అంకెలు అనుకుందాం. ఇక్కడ కట్టకు 4 రూపాయల 20 పైసలు, అక్కడ 3 రూపాయలు. సంచికి చూస్తే ఇక్కడ 4,200, అక్కడ 3,000. మహారాష్ట్రలో 1,200 ఎక్కువ ఇస్తున్నారనిపిస్తుంది. ఆకు లెక్కన చూడండి, రెండు చోట్లా ఆకుకు 6 పైసలే. రోజుకు 100 కట్టలు కట్టే ఇల్లు అక్కడ 5,000 ఆకులు కోస్తే, ఇక్కడ 7,000 కోయాలి. ఆ 2,000 ఆకులు ఏప్రిల్ చివరి ఎండలో, ముళ్ల తుప్పల మధ్య, ఒక్కొక్కటిగా చేత్తో తెంపాల్సినవి.

మా చుట్టరికాలు రెండు రాష్ట్రాల మధ్య నదికి రెండు వైపులా ఉన్నాయి. సీజన్‌లో ఆడబిడ్డ ఊరికో మేనత్త ఊరికో పోయి నాలుగు రోజులు ఆకు తెంపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కట్ట కట్టేటప్పుడు ఆకుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు, ఐదైదు చొప్పున వేళ్ల సందున పెట్టుకుంటూ పోతారు. పది సార్లు పెడితే యాభై, పద్నాలుగు సార్లు పెడితే డెబ్బై. నోటితో మాట్లాడుతున్నా చెయ్యి ఆ లెక్క తప్పదు. డెబ్బైకి అలవాటు పడిన చెయ్యి అవతలికి పోతే కట్టకు ఇరవై ఆకులు ఉత్తపుణ్యానికి పోతాయి. యాభైకి అలవాటు పడినవాళ్లు ఇటొస్తే కల్లంలో, అంటే ఆకు కట్టలు తీసుకుని ఎండబెట్టే చోట, కట్ట తిప్పి పంపుతారు. ఇంటికి తెచ్చి నార విప్పి మళ్లీ కట్టేసరికి చీకటి పడుతుంది.

ఆకు ఎలా వస్తుందో కూడా వార్తల్లో రావాలి. ఫిబ్రవరి, మార్చిలో తునికి తుప్పల్ని నేలమట్టంగా కొట్టాలి. ఆ మొదలు నుంచి, వేర్ల నుంచి కొత్త పిలకలు వస్తాయి. దాదాపు నలభై, నలభై ఐదు రోజులకు ఆకు కోతకు వస్తుంది. ఎర్రగా లేతగా ఉన్నప్పుడు కోస్తే ఎండి నల్లబడుతుంది. మరీ ముదిరితే ఈనె లావై, బీడీ చుట్టేటప్పుడు పగులుతుంది. పచ్చబడి, చేతికి మెత్తటి తోలులా తగిలే ఆకు కావాలి. తుప్పలు కొట్టే కూలి మిగుల్చుకోవడానికి కొందరు అడవికి నిప్పు పెడతారు. ఇది చాలా తప్పు పని. పిలకలు వస్తాయి నిజమే కానీ ఇప్ప మొలకలు మాడిపోతాయి, గడ్డి పోతుంది, ఆ నిప్పు ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

తెల్లవారకముందే అడవికి పోయి, పది పదకొండు గంటలకు మూట తెచ్చి, నీడన ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కడతారు. సాయంత్రం కల్లానికి ఇస్తారు. అక్కడ గులకరాళ్ల నేల మీద వరసలుగా పరిచి, నాలుగైదు రోజులకు తిరగేసి, రెండో వైపు ఎండబెడతారు. 70 ఆకుల కట్ట మందం కనుక మధ్య ఆకులు ఆలస్యంగా ఆరుతాయి. తొందరపడి ఎత్తితే గోదాములో బూజు పడుతుంది. సంచి నింపే ముందు నీళ్లు చిలకరించి ఆకును మెత్తబరుస్తారు. నీళ్లు తక్కువైతే ఆకు పొడి అవుతుంది, ఎక్కువైతే అదే బూజు. కల్లం మీద ఉండగా ఒక్క గాలివాన వస్తే ఆకు మచ్చలు పడి రంగు మారుతుంది. కల్లంలో తీసుకున్న తర్వాత తడిసిన ఆకు నష్టాన్ని కోసినవాళ్ల మీద వేయడం న్యాయం కాదు. కొన్ని కల్లాల్లో 'తరుగు' పేరుతో వందకు నాలుగైదు కట్టలు ఎక్కువ తీసుకుంటారు. వందకు ఐదు కట్టలంటే మా లెక్కలో 350 ఆకులు. ఆ ఆకుకు కూలి ఎవరూ రాయరు.

వార్తల్లో జరిగే మరో పొరపాటు, వేలం ధరనూ కూలినీ కలిపేయడం. ఆదివాసీ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చాక గడ్చిరోలిలో చాలా గ్రామసభలు ఆకును తామే అమ్ముకుంటున్నాయి. కాంట్రాక్టరు ఒప్పుకున్న ధరలో కోత కూలి వేరు, గ్రామసభకు చేరే రాయల్టీ వేరు. మొత్తం అంకె ఒక్కటే అచ్చు వేస్తే, కల్లంలో చేతికి వచ్చిన పైసలు చూసి మిగతాది ఎవరు తిన్నారని ఊళ్లో కొట్లాటలు అవుతాయి.

ఉన్నది ఇరవై, పాతిక రోజుల పనే. ఎండ, పాములు, తునికి పండ్ల కోసం వచ్చే ఎలుగుబంట్లు, ఈమధ్య పులి భయం కూడా. అయినా ఈ పనంటే మా వైపు జనానికి ప్రాణం. మృగశిర కార్తెకు ముందు విత్తనాలకు, ఎరువులకు చేతికొచ్చే నగదు ఇదే. షావుకారు దగ్గరికి పోకుండా వానాకాలం మొదలుపెట్టగలిగితే ఆ ఇంట్లో ఆడవాళ్ల మొహాలే చెబుతాయి.

కాబట్టి ధర అచ్చు వేసేటప్పుడు దయచేసి మూడు అంకెలు ఇవ్వండి: కట్టకు ఆకులెన్ని, కట్టకు కూలి ఎంత, రాయల్టీ విడిగా ఎంత. ప్రతి కల్లం దగ్గరా ఇవే మూడు అంకెలు తెలుగులోనూ మరాఠీలోనూ బోర్డు మీద రాయించాలని గ్రామసభలనూ కోరుతున్నాను. సున్నం, ఒక రేకు ముక్క ఉంటే చాలు.

ఇట్లు,
కల్లం లెక్కలు తెలిసిన ఒక పాఠకుడు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా