"ఒంట్లో బాగుండడం లేదు" అన్న మాటను కూడా రాసుకోండి, మంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రజావాణిలో మూడు సోమవారాలు ఇచ్చిన అర్జీలకు రసీదులు తప్ప జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఇంటింటి ఆరోగ్య పరీక్షల గురించి మీకు చెప్పనవసరం లేదు. మా ఇంటికీ వచ్చారు. అమ్మకు బీపీ చూశారు, వేలు గుచ్చి షుగరు చూశారు. రెండూ సరిగానే ఉన్నాయి. "ఒంట్లో అసలు బాగుండడం లేదమ్మా" అంది అమ్మ. ఆ మాట ట్యాబ్‌లోకి ఎక్కలేదు. తరువాతి ఎనిమిది నెలల్లో ఆమె ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పదకొండు సార్లు వెళ్లింది. ప్రతిసారీ ఒకటే జవాబు: అరవై దాటాక ఇంతే, బలం మాత్రలు వేసుకో.

ఇంట్లో మేము చూసింది వేరు. తెల్లవారాక గంటన్నర దాకా అమ్మ వేళ్లు ముడుచుకునేవి కావు. వేడినీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చునేది. కుక్కరు మూత తిప్పడానికి నన్ను పిలిచేది. ఒకరోజు వాచిన మణికట్టుకు గాజులు బిగుసుకుపోయాయి. సబ్బు నురుగు రాసినా రాలేదు. నాన్న బతికి ఉండగానే అమ్మ గాజులు నా చేత్తో పగలగొట్టాను మంత్రి గారూ. ఆ ముక్కలు ఏరుతూ అమ్మ, "నేను అబద్ధం చెబుతున్నానా?" అని అడిగింది.

ఆరోగ్య కేంద్రంలో ఒంట్లో వాపు ఉందో లేదో చూపే సీఆర్పీ రక్త పరీక్ష చేయమంటే రియేజెంట్లు, అంటే పరీక్షకు వాడే రసాయనాలు, లేవన్నారు. బయట డబ్బు కట్టి చేయిస్తే లీటరుకు 46 మిల్లీగ్రాములు వచ్చింది. మామూలుగా 5 లోపే ఉండాలట. చివరికి రుమటాయిడ్ కీళ్లవాతమని తేల్చారు. అప్పటికే ఎక్స్‌రేలో ఎముకల అంచులు కొరికినట్టు కనిపించాయి.

శరీరంలో వాపు రగిలితే సైటోకైన్లనే పదార్థాలు పుడతాయి. వాటి సంకేతాలు మెదడుకు చేరితే నీరసం, ఆకలి మందగించడం, పడుకుండిపోవాలనిపించడం. వాటిలో ఒకటైన ఐఎల్-6 కాలేయం చేత సీఆర్పీని తయారు చేయిస్తుంది. అమ్మ చెప్పిన మాట, ల్యాబు ఇచ్చిన అంకె పుట్టింది ఒకే చోట. 2004లో స్వీడన్‌లో, ప్రాథమిక వైద్య కేంద్రాలకు వచ్చిన రోగులను పరిశీలించిన ఒక అధ్యయనంలో, తమ ఆరోగ్యం బాగాలేదన్న స్త్రీల రక్తంలో కొన్ని సైటోకైన్లు ఎక్కువగా కనిపించాయి. సీఆర్పీ ఒక్కటే ఏ జబ్బో చెప్పదు, నిజమే. ఇంకా వెతకమని మాత్రం చెబుతుంది. అమ్మ కూడా ఎనిమిది నెలల పాటు అడిగింది అంతే కదా!

మన దేశంలోనే 2017-18లో వయసు మళ్లినవారి గురించి జరిగిన లాసీ అనే జాతీయ సర్వేలో, 45 ఏళ్లు దాటినవారిని మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు, రక్తపు చుక్కలూ సేకరించారు. సర్వేకు అవసరమైన ప్రశ్న మా ఇంటి గుమ్మంలో ఎందుకు అవసరం లేకపోయింది?

దయచేసి ఆ ఒక్క ప్రశ్న అడిగించండి. బాగాలేదన్నవారి మాటను రాయించండి. ఆరోగ్య కేంద్రాల్లో రియేజెంట్లు ఉండేలా చూడండి. మీకు చేతులు జోడించి అడుగుతున్నాను, వయసు అని చెప్పి పంపించవద్దని మీ వైద్యులకు చెప్పండి. అమ్మ రిపోర్టులు, మూడు రసీదులు మరోసారి జతచేస్తున్నాను. ఈసారైనా జవాబు ఇవ్వండి.

ఇట్లు,
ఒక రోగి కుమార్తె