ఉల్లిపొరలో ఆకుపచ్చ చుక్కలు

సంపాదకులకు నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా హైదరాబాద్ ప్రభుత్వ పాఠశాలల్లో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవడి రికార్డు పుస్తకం మొన్న చూశాను. ఉల్లిపొర కణాల బొమ్మ ఎంతో పొందికగా వేశాడు. కణకవచం, కేంద్రకం, రిక్తిక అన్నీ ఉన్నాయి. వాటితోపాటు ప్రతి కణంలోనూ ఆకుపచ్చ చుక్కలతో, ఎండలో ఆహారం తయారుచేసే హరితరేణువులూ ఉన్నాయి, పక్కనే ఎర్ర సిరాతో టిక్కు ఉంది. ఇవెందుకు పెట్టావని అడిగితే, "వృక్షకణం కదా తాతయ్యా, ఉండాలిగా" అన్నాడు. సూక్ష్మదర్శినిలో చూశావా అంటే, అది అలమారాలోనే ఉంటుందనీ, పాడవుతుందని బయటికి తీయరనీ చెప్పాడు.

ఈ తప్పు పిల్లవాడిది కాదు. పుస్తకంలో వృక్షకణం, జంతుకణం అని గీసేవి రకరకాల కణాల్లో ఉండేవాటిని ఒక్కచోట చేర్చి చూపే నమూనా చిత్రాలు. నిజానికి కణ నిర్మాణం అది చేసే పనిని బట్టి మారుతుంది. మట్టిలో, చీకట్లో పెరిగే ఉల్లిగడ్డ రేకులకు హరితరేణువులతో పని లేదు. మన ఎర్రరక్తకణం ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను నింపుకోవడానికి ఎదిగే క్రమంలో కేంద్రకాన్నీ, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియానూ కూడా వదులుకుంటుంది, తనను తాను బాగుచేసుకోలేక సుమారు 120 రోజుల్లో నశిస్తుంది. క్షణం ఆగని గుండె కండర కణాల్లోనైతే మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. అవి తయారుచేసే, కణం పనులకు శక్తినందించే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో వెలికితీసినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరని చెప్పినప్పుడల్లా, వెనక బెంచీల పిల్లలు కూడా తలెత్తి వినేవారు.

ఆ సాయంత్రం నా పాత సూక్ష్మదర్శినిని బయటికి తీశాం. వాడు ఉల్లిగడ్డ రేకు లోపలి వైపు నుంచి పలుచని పొర ఊడదీసి, స్లైడు మీద నీటి చుక్కలో ముడత పడకుండా పరిచి, నీళ్లు కలిపిన అయోడిన్ ఒక చుక్క వేసి, కవర్ స్లిప్‌ను ఏటవాలుగా దించాడు. మొదటిసారి గాలి బుడగ చేరితే దాన్నే కణమనుకున్నాడు. రెండోసారి గోడలో ఇటుకల్లా వరుస తీరిన కణాలు, ఒక్కోదానిలో అంచుకు ఒదిగిన గోధుమరంగు చుక్క కనిపించాయి. కేంద్రకం నడుమ లేదేమని అడిగాడు. నీటితో నిండిన రిక్తిక కణంలో చాలా భాగాన్ని ఆక్రమించి దాన్ని పక్కకు నెట్టిందని చెబితే మళ్లీ కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత తనే రబ్బరు తీసుకుని ఆ ఆకుపచ్చ చుక్కలన్నీ చెరిపేశాడు.

1977 నుంచి కణాల మీద పరిశోధనే పనిగా ఉన్న సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) వెలసిన నగరం మనది. ఇక్కడి పిల్లలు కణాన్ని చూడకుండానే కణం పాఠం దాటిపోవడం నన్ను బాధిస్తోంది. ఈ పాఠానికి కనీసం రెండు పీరియడ్లు సూక్ష్మదర్శిని ముందు గడిచేలా విద్యాశాఖ ఏర్పాటు చేయాలి. రికార్డులో విద్యార్థి చూసింది చూసినట్టు గీస్తే, బొమ్మ వంకరగా ఉన్నా, పూర్తి మార్కులు వేయాలి. ఆ క్రమంలో నాలుగు స్లైడ్లు పగిలితే ఉపాధ్యాయుణ్ని లెక్క అడగకూడదు. అలమారాకు తాళం పడేది ఆ భయంతోనేనని అనుభవం మీద చెబుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
తార్నాక, హైదరాబాద్