మూడో గంట కొట్టాక షో ఎవరిది?

సంపాదకులు గారికి నమస్కారం,

నాటక పరిషత్తు పోటీల ఫలితాలు మీ పేపర్లో వచ్చినప్పుడల్లా ఆన్‌లైన్లో వదలకుండా చదువుతాను. ఉత్తమ ప్రదర్శన, దర్శకుడు, నటి, హాస్యనటుడు, బాలనటుడు, ఆహార్యం, సంగీతం, రంగాలంకరణ, అందరి పేర్లూ వేస్తారు, సంతోషం, కానీ మూడో గంట కొట్టిన దగ్గర్నుంచి తెర పడేదాకా స్టేజీ పక్కన వింగ్‌లో నిలబడి షో నడిపించిన మనిషి, అంటే స్టేజ్ మేనేజర్ పేరు నాకైతే ఒక్కసారి కూడా కనపడలేదు. తప్పు మీ విలేకరిది కాదు లెండి, చాలా నాటక సమాజాల్లో అసలు ఆ పని చేసే మనిషే ఉండడు.

నేనుండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో, ఉద్యోగం సాఫ్ట్‌వేర్, పిచ్చి నాటకాలు. యూఎస్ఐటీటీ అని ఇక్కడ రంగస్థల టెక్నీషియన్ల సంస్థ ఒకటుంది, 1960 నుంచీ ఉంది, ఏటా ఒక్కో ఊళ్లో కాన్ఫరెన్స్ పెడతారు, 2024లో సియాటిల్లో పెట్టారు, 2025 మార్చిలో మా ఊరికే వచ్చింది. ఇంటి పక్కనే జరుగుతుంటే వెళ్లకపోతే ఎలా అని సెలవు పెట్టి వెళ్లాను, జేబుకి బాగానే చిల్లు పడింది. ఎక్స్‌పో హాల్లో ఎక్కడ చూసినా లైట్లు, పొగ మెషీన్లు, మోటర్లు, అవి అమ్మేవాళ్లు, మన సమాజాలు వాటి రేటు విని కూడా తట్టుకోలేవు. నాకు పనికొచ్చింది మాత్రం స్టేజ్ మేనేజర్లు కూర్చున్న గదులు, వాళ్ల చేతిలో పెద్ద సామానేమీ లేదు, ఒక ఫైలు, పెన్సిలు, రబ్బరు.

ఆ ఫైలునే ప్రాంప్ట్ బుక్ అంటారు. ఒక పక్క స్క్రిప్ట్ పేజీ, దాని ఎదురు పేజీలో ఎవరు ఎటు నుంచి వచ్చారు, ఏ మాట దగ్గర లేచారు, గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నారు, అన్నీ పొట్టి గుర్తుల్లో. లైట్ మారాల్సిన చోట డైలాగ్‌లో ఆ మాట మీదే గీత, పక్కన నంబరు. షోలో హెడ్‌సెట్ పెట్టుకుని ముందు "లైట్స్ 42 స్టాండ్‌బై" అంటారు, అంటే రెడీగా ఉండమని, సరిగ్గా ఆ మాట పడగానే "గో". హెడ్‌సెట్‌లో ఆ 'గో' అనే ముక్క వేరే దేనికీ వాడరు, ఎవరైనా మామూలు కబుర్లలో నోరుజారి అన్నారంటే అవతల ఆపరేటర్ బటన్ నొక్కేస్తాడని భయం. షోకి అరగంట ముందు, పావుగంట ముందు, ఐదు నిమిషాల ముందు మేనేజర్ వచ్చి టైం చెప్తే నటులందరూ ఆ టైంతోనే, ఐదైతే "థాంక్యూ ఫైవ్" అని తిరిగి చెప్పాలి, తలూపితే కుదరదు, విన్నారని తెలియాలి కదా. షో అయిన రాత్రే రిపోర్ట్, ఏ అంకం ఎన్ని నిమిషాలు పట్టింది, ఎవరు లేటు, ఏ కుర్చీ కాలు విరిగింది, అన్నీ రాసి పంపేస్తారు.

వీటన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. ఇక్కడ మొదటి షో పడ్డాక డైరెక్టర్ సాధారణంగా ఇంకో నాటకానికి వెళ్లిపోతాడు, ఆ తర్వాత నాటకాన్ని అదే తీరులో నిలబెట్టేది, కొత్తగా వచ్చిన నటుడికి నేర్పేది స్టేజ్ మేనేజరే. మనదగ్గర డైరెక్టరే హీరో, డైరెక్టరే వింగ్‌లో ప్రాంప్టింగ్, మేకప్‌తోనే పరిగెత్తుకెళ్లి మ్యూజిక్ అతనికి సైగ చేసేదీ ఆయనే. ఒక పరిషత్తులో, పేరెందుకు లెండి, లైట్ల కుర్రాడు ఆ సాయంత్రమే స్క్రిప్ట్ మొహం చూశాడు, తండ్రి పాత్ర చచ్చిపోయింది, కొడుకు పాత్ర ఏడ్చింది, లైట్ ఆరాలి, ఆరలేదు, కొడుకు మళ్లీ ఇంకోసారి ఏడ్చాడు, ఇంక లాభం లేదని శవం మెల్లగా ఒక కన్ను తెరిచి వింగ్ వైపు చూసింది, అంతే హాలంతా నవ్వు. నెలల తరబడి చేసిన రిహార్సల్ అక్కడ పోయింది. వాళ్ల నటనలో ఏ లోపమూ లేదండీ, "గో" అనే మనిషి లేడు.

అమెరికాలో యూనియన్లున్నాయి, డబ్బులున్నాయి, మనకెక్కడ కుదురుతుంది అంటారు. నిజమే, ఇక్కడ 1913లో పెట్టిన నటుల యూనియన్ యాక్టర్స్ ఈక్విటీలో స్టేజ్ మేనేజర్లు కూడా మెంబర్లే, రిహార్సల్లో 55 నిమిషాలకి ఐదు నిమిషాలో 80 నిమిషాలకి పది నిమిషాలో బ్రేక్ ఇచ్చి తీరాలి, గడియారం చూసేది కూడా మేనేజరే. అయినా వీళ్లకీ మనలాంటి ఏడుపే ఒకటుంది, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డుల్లో స్టేజ్ మేనేజర్‌కి పోటీ విభాగమే లేదు. కానీ వీళ్లు 1981లోనే న్యూయార్క్‌లో సొంత అసోసియేషన్ పెట్టుకున్నారు, కలుస్తారు, ఒకళ్ల ఫైళ్లు ఒకళ్లు చూసుకుంటారు. మనవాళ్లు 1929లోనే తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పెట్టారు, సురభి వాళ్లయితే 1885 నుంచీ ఆడుతున్నారు, మాయాబజార్‌లో ఆ ట్రిక్కులన్నీ ఎవరు ఎప్పుడు ఏ తాడు లాగాలో కుటుంబంలోనే ఒకళ్ల నుంచి ఒకళ్లు నేర్చుకుంటూ వచ్చారు. అంటే పని మనకి రాక కాదు. ఆ పని చేసేవాళ్లని ఒక్కచోట కూర్చోబెట్టి మాట్లాడించినవాళ్లే నాకు కనపడలేదు.

అందుకని పరిషత్తుల వాళ్లకి మీ పేపర్ ద్వారా నా మనవి, రెండే. పోటీల చివరి రోజు ఎలాగూ బహుమతులు సాయంత్రమే, పొద్దున హాలు ఖాళీ, ఆ పూట లైట్లు, సౌండు, తెర, సెట్టు చూసేవాళ్లందరినీ పిలిచి కూర్చోబెట్టండి, ఉపన్యాసాలొద్దు, దండలొద్దు, ఆ వారం ఏ నాటిక ఎక్కడ తడబడిందో వాళ్లనే చెప్పనివ్వండి. రెండోది, ఎంట్రీ ఫారంలో దర్శకుడి పేరు కింద 'స్టేజ్ మేనేజర్' అని ఒక గీత పెట్టండి, అక్కడ దర్శకుడి పేరే మళ్లీ రాస్తే ఒప్పుకోవద్దు. సంక్రాంతికి ఇండియా వస్తున్నాను, గుంటూరు చుట్టుపక్కల ఏ పరిషత్తు పిలిచినా నా ప్రాంప్ట్ బుక్ పట్టుకుని సొంత ఖర్చుతో వస్తాను, ఆ పూట టిఫిన్లు కూడా నావే.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొలంబస్, ఒహాయో