పార్క్ లేన్‌లో కలిసిన బాబుకి

మొన్న శనివారం సికింద్రాబాద్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల దగ్గర సీపీయూ చంకనెత్తుకుని రొప్పుతుంటే "ఏమైందంకుల్?" అని ఆగిన బాబూ, ఇది నీకే. హడావుడిలో నీ పేరైనా అడగలేదు.

అప్పటికి రెండు వారాలుగా నా సిస్టమ్‌లో తేదీ రోజూ పొద్దున్నే 2009 జనవరి 1కి వెళ్ళిపోతోంది. బ్యాంకు సైటు తెరిస్తే ఇది సురక్షితం కాదంటోంది. తేదీ సరిచేస్తే సాయంత్రం దాకా బాగుంటుంది, ప్లగ్ తీస్తే మళ్ళీ మొదటికే. మా వీధి షాపులో మదర్‌బోర్డు పోయింది, ఆరు వేలన్నారు. నేనూ నమ్మేశాను!

నువ్వు ఆ మెట్ల మీదే పక్క మూత ఊడదీసి, స్క్రూడ్రైవర్ కొసతో చిన్న క్లిప్పు నొక్కావు. రూపాయి బిళ్ళంత సెల్ టక్కున పైకి లేచింది. మూడు వోల్టుల సీఆర్2032. నీ మీటరులో రెండు దగ్గరే ఆగింది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది ఇదేనన్నావు. సైటు అసలైనదేనని చూపే సర్టిఫికెట్లకూ తేదీలుంటాయట. కంప్యూటరు 2009లో ఉంటే అవింకా పుట్టనట్టే లెక్కట. ఇంత విడమరిచి నాకెవరూ చెప్పలేదు.

కొత్త సెల్‌కి నలభై రూపాయలు. పైన వందిస్తే నా జేబులోనే కుక్కేశావు. ఫ్యానుకు పట్టిన దుమ్ము కూడా ఊదిపెట్టావు, అది నేనడగనేలేదు.

రాత్రంతా ప్లగ్ తీసేసి ఈ పొద్దున ఆన్ చేశాను. తేదీ సరిగ్గా ఉంది. కరెంటు బిల్లూ కట్టేశాను. థాంక్స్ బాబూ, ఇరానీ చాయ్ బాకీ ఉన్నాను.