మన వీధి అమ్మాయి కేసు: ఈ రాత్రి కెమెరాల పని, రేపు స్టేషన్‌కు

అన్నలూ, అక్కలూ,
మన వీధి అమ్మాయి, పసిబిడ్డ తల్లి, కనపడక ఐదు రోజులైంది. రేపు ఆదివారం పొద్దున 9కి రామాలయం అరుగు దగ్గరికి రండి. పోలీస్ స్టేషన్‌లోకి మాత్రం ఆమె తల్లితో పాటు ముగ్గురే పోదాం.

కెమెరాలు ఉన్నవాళ్లకు: ఈ పని ఈ రాత్రికే కావాల. హార్డ్‌డిస్క్ నిండితే డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ పెట్టె) పాతది చెరిపి కొత్తది రాస్తుంది. చిన్న డిస్క్ అయితే వారానికే పోతుంది. ఆమె కనపడకుండా పోయిన మొన్నటి సోమవారం సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. టీవీ తెరను ఫోన్‌తో షూట్ చేస్తే బండి నంబరు కనపడదు. డీవీఆర్ టైము పక్కన ఫోన్ టైము పెట్టి ఒక ఫోటో కూడా తీయండి. కరెంటు పోయొచ్చాక చానా డీవీఆర్లు టైము తప్పుతాయి, పది నిమిషాల తేడాకే పోలీసులు వేరే ఆటో వెంట పడతారు. డిస్క్ ఫార్మాట్ అసలు చేయొద్దు, అంతా చెరిగిపోతుంది.

స్టేషన్‌లో అడగాల్సినవి: ఎఫ్‌ఐఆర్ నంబరు, కాపీ (ఫిర్యాదిచ్చినవాళ్లకు ఉచితం, సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్, సెక్షన్ 173). ఆమె ఫోన్ చివరి టవర్ వివరాలు తెప్పించారా? అనంతపురం బస్టాండ్, రైల్వే స్టేషన్ కెమెరాలు చూశారా? దర్యాప్తు గుట్టు మనకు అక్కరలేదు, పని మొదలైందో లేదో చెప్పాల.

జవాబు రాకుంటే ఎల్లుండి సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీ పెడదాం, రసీదు తీసుకోవాల. ఆడవాళ్లకు ఉచిత లాయరు కోసం 15100.

భర్త మీద, అత్తగారింటి మీద ఇక్కడ ఏమీ రాయొద్దు. బిడ్డ ఫోటో పెట్టినవాళ్లు ఇప్పుడే తీసేయండి. ఏమైనా చూసుంటే నేరుగా 112కు చెప్పండి.

కెమెరా ఉన్నవాళ్లు ఇంటి నంబరు ఈ మెసేజ్ కింద పెట్టండి.