పొద్దున్నే చేప ఎందుకు తేలుతుందో పరీక్షలో అడగండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. కొల్లేరు పక్కన ఒక లంక గ్రామంలోని ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను.

కిందటేడు ఒక పరీక్షలో కిరణజన్య సంయోగక్రియ మీద నాలుగు మార్కుల ప్రశ్న వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు సమీకరణం తప్పు రాశాడు, ఒక్క మార్కు వేశాను. మర్నాడు బడికి ఆలస్యంగా వచ్చాడు. ఏరా అంటే, "చెరువులో చేప తేలింది సార్, తెల్లార్లూ నాన్నా నేనూ ఇంజన్ పెట్టి నీళ్ళు చిమ్మించాం" అన్నాడు. ఎందుకు తేలిందని అడిగాను. "నిన్నంతా మబ్బే కదా సార్. ఎండ ఉంటే నీళ్ళలో పచ్చదనం ఆక్సిజన్ వదులుద్ది. రాత్రయితే అదే తాగేస్తది. తెల్లారేసరికి చేపకి మిగలదు, గాలి కోసం పైకొచ్చేస్తది."

కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, నీటిలో కరిగిన ఆక్సిజన్ మూడూ ఆ జవాబులో ఉన్నాయి. వీడికా నేను ఒక్క మార్కు వేసింది?

మా పిల్లల్లో ఇలాంటివాళ్ళు చాలామంది. మోచేయి దాకా చెరువులో ముంచి, అరచేయి ఎంత లోతు వరకు కనపడుతుందో చూసి నీటి రంగు చెబుతారు. స్టీలు పళ్ళేనికి నలుపు తెలుపు రంగులు వేసి తాడు కడితే అదే పని కొలతతో చేయొచ్చు. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు. వేసవిలో సముద్రపు నీరు, కొల్లేరును సముద్రంతో కలిపే ఉప్పుటేరు గుండా ఎగదన్నుకొస్తుందనీ వాళ్ళకు తెలుసు. ఏటి పేరులోనే ఉప్పుంది, ఇంక సాంద్రత పాఠానికి వేరే ఉదాహరణ వెతకడం ఎందుకు? అన్నిటికన్నా వింత ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత, కొల్లేరు అభయారణ్యానికి అదే హద్దు. కొల్లేరు గొడవల పుణ్యమా అని మా ఊళ్ళో పదేళ్ళ పిల్లవాడి నోట కూడా 'కాంటూరు' మాట వినపడుతుంది. సోషల్ పుస్తకంలో సమోన్నత రేఖ అని కనపడితే మాత్రం తలగోక్కుంటాడు. రెండూ ఒకటేనని చెప్పే పీరియడ్ మన టైంటేబుల్లో లేదు.

1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సు మాది. ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టే చోటికి ఎక్కడెక్కడి వాళ్ళో కెమెరాలు వేసుకుని వస్తారు. దగ్గర్లోనే ఉన్న మా పిల్లల్ని తీసుకెళ్ళినందుకు నాకు మెమో వచ్చింది. ముందస్తు అనుమతి లేదట, సిలబస్ వెనకబడిందట. అనుమతి మాట నిజమే. నీళ్ళ దగ్గర పిల్లలంటే నాకూ టెన్షనే. లైఫ్ జాకెట్లు, తోడు ఇద్దరు పెద్దలు లేనిదే గట్టు దిగకూడదని రూల్ పెట్టండి, పాటిస్తాం. కానీ ఒక్క పూట చెరువుకెళ్ళడానికి ఫైలు మూడు ఆఫీసులు తిరగాలంటే ఏ మాస్టారు కదులుతాడు? ఆ అనుమతిచ్చే అధికారం హెడ్మాస్టరుకే వదిలేయండి.

జాతీయ విద్యా విధానం 2020లో 6 నుంచి 8 తరగతుల వాళ్ళకు పది రోజులు బ్యాగ్ లేకుండా బడి ఉండాలని ఉంది. మాకు వాటిలో నాలుగు రోజులు చెరువు గట్టు మీదే గడిపే వీలివ్వండి.

అసలు ముడి పరీక్షల దగ్గరుంది. ప్రాజెక్టు మార్కులున్నాయి కదా అంటారు. ఆ చార్టులు ఫ్యాన్సీ షాపులో దొరుకుతాయండి, పేరు రాసుకుంటే చాలు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో ఒక సైన్స్ కార్యక్రమం మొదలైంది. అక్కడ పిల్లలు పుస్తకం దగ్గర పెట్టుకుని పరీక్ష రాసేవారు, ప్రయోగం మాత్రం స్వయంగా చేసి చూపాలి. 2002లో ఆ ప్రభుత్వం దాన్ని ఆపేసిందనుకోండి, అది వేరే కథ. కనీసం ఒక్క ప్రశ్నయినా అలా మార్చండి. 'మీ ఊరి చెరువులో ఉదయం, మధ్యాహ్నం నీటిలో ఏం తేడా గమనించారు? కారణం రాయండి' అని అడగండి. దిద్దడం కష్టమే, గైడ్లో జవాబు ఉండదు. ఆ కష్టం మేం పడతాం.

ఒకసారి మా ఊరు రండి. మీటింగ్ వద్దు, శాలువా వద్దు. ముందురోజు మబ్బు పట్టి ఉంటే మరీ మంచిది. తెల్లవారుజామున ఐదున్నరకల్లా గట్టు మీద ఉండాలి. ఎండెక్కితే చేప కిందికి దిగిపోతుంది, చూపించడానికి ఏమీ ఉండదు.

ఇట్లు,
కొల్లేరు లంక గ్రామపు సైన్స్ మాస్టారు