బస్తీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25: వేపచెట్టు చౌరస్తా పని

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఈ ఆదివారం పొద్దున పనులు పక్కన పెట్టి సర్వసభ్య సమావేశానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ నమస్కారాలు.

బైలా ప్రకారం ఏడాదికోసారి కార్యదర్శి నివేదిక చదవాలి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు కాబట్టి ఆ సంగతి మళ్లీ రాయలేదు. ఇందులో సగానికి పైగా వేపచెట్టు చౌరస్తా గురించే ఉంటుంది. మిగతా పనులు తక్కువవని కాదు. మన బస్తీవాళ్లే గీత గీసి, దగ్గరుండి కట్టించుకున్న మొదటి పని అది. నాకు తెలిసి సికింద్రాబాద్‌లోని మన చుట్టుపక్కల బస్తీల్లో ఇలా ఎవరూ చేయలేదు. అందుకే ఎలా జరిగిందో వివరంగా రాసి పెట్టాలనుకున్నాను.

రెండేళ్ల క్రితం ఆ చౌరస్తా ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. చెట్టు మొదట్లో ఇళ్లు కూలగొట్టిన మట్టి, విరిగిన కమోడ్లు. ఒక పక్క తుప్పు పట్టిన రెండు ఆటోలు. వాన పడితే మోకాలి లోతు నీళ్లు. చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ దారి వదిలేసి వెనక గల్లీలోంచి చుట్టు తిరిగి వచ్చేవారు. అందరం పక్కనుంచి ముక్కు మూసుకుని నడిచినవాళ్లమే, నాతో సహా.

ఆ స్థలానికి ముందు ఒక ప్లాన్ వచ్చింది. చుట్టూ ఇనుప కంచె, గేటు, తాళం, లోపల రంగు టైల్స్, నాలుగు సిమెంటు బెంచీలు. బండ్లవాళ్లని పూర్తిగా తీసేయాలి. ఎస్టిమేట్ కూడా తయారైంది. కంచె వేస్తే శుభ్రంగా ఉంటుందని మన సభ్యుల్లో కొందరు ఒప్పుకున్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కునే పార్కులు మనం చాలా చూశాం. అప్పుడు మా మీద కోపం తెచ్చుకున్న పెద్దలు ఇప్పుడు అదే అరుగు మీద కూర్చుంటున్నారు. నాకు అది చాలా సంతోషం.

2024 జూన్‌లో ముప్పై మందిమి కలిసి బన్సీలాల్‌పేట మెట్లబావి చూసి వచ్చాం. 17వ శతాబ్దం నాటిదని చెబుతారు. ఏళ్ల తరబడి చెత్త పోసి, పైదాకా పూడ్చేసిన బావి అది. జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ)తో కలిసి ద రెయిన్ వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ వాళ్లు పూడిక తీయించి, రాతి మెట్లు, స్తంభాలు మళ్లీ నిలబెట్టారు. 2022 డిసెంబర్ 5న తెరిచారు. అక్కడ మాకు నచ్చింది ఒక్క బావి అందమే కాదు. బావి బాగుపడ్డాక చుట్టూ ఉన్న గల్లీ కూడా బాగుపడింది. మా బ్యాచ్‌లో వచ్చిన పూలమ్మే అత్తమ్మ అక్కడి మెట్ల మీద కాసేపు కూర్చుని, "మనకి బావి లేకపోతే ఏంది, చెట్టుంది గదా" అంది. ఆ మాటతోనే పని మొదలైంది.

ముందు ఎవరు ఎక్కడ నడుస్తున్నారో చూద్దామని అనుకున్నాం. మన ఇంటర్ పిల్లలు ఆరుగురు వారం రోజుల పాటు పొద్దున, సాయంత్రం చౌరస్తా నాలుగు మూలల్లో నోటు పుస్తకాలతో కూర్చున్నారు. వాళ్లు గీసి తెచ్చిన కాగితం చూసి మేమే ఆశ్చర్యపోయాం. స్కూలు పిల్లలు నడిచే వైపు అసలు ఫుట్‌పాత్ లేదు. ఫుట్‌పాత్ ఉన్న వైపు బైకులు నిలబడి ఉంటాయి. అందరూ రోడ్డు దాటేది జీబ్రా గీతల దగ్గర కాదు, మిర్చి బండి దగ్గర. ఎందుకంటే రాత్రి పది దాకా అక్కడ బల్బు వెలుగుతుంది, మనుషులుంటారు. ఆ బండి తీసేస్తే ఉన్న ఒక్క వెలుతురు కూడా పోతుంది. బండ్లవాళ్లు ఉండాలనే తీర్మానం ఈ లెక్క చూశాకే చేశాం. ఎవరి మీదో జాలిపడి చేసింది కాదు.

ఆ తర్వాత నవంబర్‌లో జరిగిన ముగ్గు రోజు గురించి.

ఆర్కిటెక్చర్ చదివే విద్యార్థులు నలుగురు మనకోసం డ్రాయింగులు వేశారు. బాగున్నాయి. కానీ కాగితం మీద గీసిన డ్రాయింగు మన గల్లీ పెద్దలకి అర్థం కాలేదు. అందరూ తలూపి వెళ్లిపోయారు. అప్పుడు మహిళా విభాగం కన్వీనర్ గారు, "కాగితం మీద ఎందుకు, రోడ్డు మీదే వేద్దాం, ముగ్గుతో" అన్నారు. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి నలభై మందికి పైగా ఆడవాళ్లు వచ్చారు. విద్యార్థులు టేపు పట్టి కొలత చెబుతుంటే వీళ్లు ముగ్గుపిండితో ఫుట్‌పాత్ అంచు వేశారు. అరుగు ఎక్కడ, బండ్లు ఎక్కడ, పిల్లలు దాటే దారి ఎక్కడ, అన్నీ అసలు సైజులోనే. గీతల మీద పాత టైర్లు, తాళ్లు కట్టిన ఇటుకలు పెట్టాం. ముగ్గు చెరిగిపోయినప్పుడల్లా మళ్లీ వేస్తూ పది రోజులు అలాగే ఉంచాం.

ఆ పది రోజుల్లో తెలిసినన్ని విషయాలు ఏ మీటింగులోనూ తెలియలేదు. మొదటి రోజే నీళ్ల ట్యాంకర్ మలుపు తిరగలేక ఆగిపోయింది. ఆ మూల గీత రెండడుగులు వెనక్కి జరిపాం. అరుగు మరీ ముందుకొచ్చిందని, బోనాలప్పుడు ఫలహారం బండి పోదని పోతరాజు వేషం కట్టే తమ్ముడు నడిచి చూపించాడు. దాన్నీ మార్చాం. చక్రాల కుర్చీలో వచ్చే మన సభ్యుడు ఒకరు, ఫుట్‌పాత్ ఎంత బాగా వేసినా ఎక్కడానికి వాలు లేకపోతే తనకి గోడతో సమానమని చెప్పారు. రెండు చోట్ల వాలు పెట్టాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల్లో ఇళ్ల మధ్య ఫుట్‌పాత్‌కి కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలని ఉంది. అంటే సుమారు ఆరడుగులు. మనకి మూడు వైపులా ఆ వెడల్పు వచ్చింది. నాలుగో వైపు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, అక్కడ రాలేదు. ఆ లోపం లోపంగానే మీ ముందు పెడుతున్నాను.

చెట్టు విషయంలో కొంచెం గొడవ జరిగింది. మొదలు దాకా సిమెంటు వేసి గట్టిగా కట్ట కట్టాలని పెద్దవాళ్లు పట్టుబట్టారు. వేర్లకి నీళ్లు, గాలి అందవని విద్యార్థులు వద్దన్నారు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించిన సంగతి వాళ్లే చెప్పారు. చివరికి మీటరుకి పైనే మట్టి వదిలి, దాని బయట అరుగు కట్టాం. బెంచీలు వద్దని మొదటినుంచీ అన్నది మన ఆడవాళ్లు. బెంచీ మీద పక్కపక్కన కూర్చోవాలి, అరుగు మీద ఎదురెదురుగా కాళ్లు ముడుచుకుని కూర్చుని మాట్లాడుకోవచ్చు అన్నారు. పాత ఇళ్లలో అరుగుల మీద పెరిగినవాళ్లం, ఆ మాట కాదనలేకపోయాం. షాబాద్ బండలు పరిచి, రెండు బండల మీద అష్టాచెమ్మా గళ్లు, ఒక బండ మీద పులి–మేక ఆట చెక్కించాం. ఇప్పుడు సాయంత్రం ఆ మూడు బండల దగ్గర చోటు దొరకదు.

బండ్లవాళ్ల సంగతి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వ్యాపారుల సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఈ వ్యాపారుల సంగతులు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ చట్టం కాపీ తెలుగులో రాసి అందరికీ చదివి వినిపించాం. ఇస్త్రీ బండి, మిర్చి బండి, పూల బుట్టలు, పండ్ల బండి, అందరికీ ముగ్గు గీసిన చోటే స్థలాలు ఖాయం చేశాం. రాత్రి కొట్టు కట్టేసేముందు ఎవరి ముందు వాళ్లు ఊడుస్తున్నారు. ఒక్కరోజు కూడా చెప్పించుకోలేదు.

జనవరిలో పని మొదలైంది. ఎంత టెన్షన్ పడ్డామో కార్యవర్గానికే తెలుసు. సంతకం కావాల్సిన అధికారి మూడు నెలల్లో రెండుసార్లు మారారు. కొత్తగా వచ్చిన ప్రతిసారీ ఫైలు మొదటి పేజీ నుంచి చెప్పాం. మోరీ (మురుగు కాలువ) కలపడానికి రోడ్డు తవ్వే అనుమతి కోసం నేను, కోశాధికారి గారు తిరిగిన రోజులు లెక్కపెట్టలేదు. "రేపు రండి" అన్న మాట విని విని విసిగిపోయాం. ఆ కలపడం ఇప్పటికీ పూర్తి కాలేదు. 2025 జూన్‌లో పడ్డ మొదటి పెద్ద వానకి మూడు మూలల నీళ్లు ఇంకుడు గుంతలోకి చక్కగా పోయాయి, నాలుగో మూల నిలిచింది. ఆ నీళ్లు చూపించి సంఘాన్ని తిట్టినవాళ్లు దయచేసి ఒకసారి మాతో పాటు ఆఫీసుకి రండి.

ఉగాది నాడు, 2025 మార్చి 30న, చౌరస్తా తెరిచాం. ఏ నాయకుడినీ పిలవలేదు. పిలవకపోవడం అమర్యాద కాదని సభ్యులు అర్థం చేసుకోవాలి. పదిహేనేళ్లుగా తెల్లారకముందే మన గల్లీలు ఊడుస్తున్న పారిశుద్ధ్య కార్మికురాలు అక్క చేతుల మీదుగా దీపం పెట్టించాం. ఆ వేపచెట్టు పువ్వే దులిపి పచ్చడి చేసి, ఆ అరుగు మీదే బస్తీ అంతా తిన్నాం. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, అద్దెకుండే బిహార్ కుటుంబాలు, అందరూ వచ్చారు. రంజాన్ నెల ముగింపు కాబట్టి రోజా ఉన్నవాళ్లకి ఇఫ్తార్ దాకా పచ్చడి, ఖర్జూరాలు తీసి పెట్టారు మన ఆడవాళ్లు. నేను ఈ బస్తీలో పుట్టి పెరిగాను. ఆ చెట్టు కింద అంతమందిని ఎప్పుడూ చూడలేదు.

ఇతర కార్యక్రమాలు: ఆగస్టు 15 జెండా వందనం, బతుకమ్మ, కంటి పరీక్షల శిబిరం, దోమల మందు పిచికారీ కోసం వినతులు, వీధి దీపాల ఫిర్యాదులు ఎప్పటిలాగే జరిగాయి. చెట్టు కొమ్మల వెనక ఉండిపోయిన లైటు ముందుకు జరిపించాం.

ఒక ముఖ్యమైన చర్చ గురించి రాయాలి. పాత ఇళ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కడతామని బిల్డర్లు తిరుగుతున్నారు. మన మీటింగులో ఒక రిటైర్డ్ మాస్టారు పాత సంగతి చెప్పారు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వచ్చి నగరం నాశనమైన తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ లాంటి చోట్ల రాతి దుకాణాలు కట్టించింది, కొత్త ఇళ్లు వేసింది. కూలగొట్టడం, కట్టడం ఈ ఊరికి కొత్త కాదు. కూలగొట్టాక అక్కడ ఉన్నవాళ్లు మళ్లీ అక్కడే ఉండగలరా అన్నదే అడగాల్సిన ప్రశ్న అన్నారు ఆయన. ఇల్లున్నవాళ్లకి ఫ్లాట్లు వస్తాయి. అద్దెకుండేవాళ్లకి ఏమొస్తుంది? చౌరస్తా పనికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అద్దెవాళ్లే. బైలా ప్రకారం వాళ్లకి ఓటు లేదు. ఇది తప్పని నా అభిప్రాయం. ఏడాదికి పైగా ఉంటున్న అద్దెదారులకి సభ్యత్వం, ఓటు ఇచ్చే సవరణ ఈ సమావేశంలో ప్రతిపాదిస్తున్నాం. ఇంటి యజమానులు పెద్ద మనసుతో ఆలోచించాలి.

జమా ఖర్చులు: ఆడిటర్ గారు చూసిన పట్టిక మీ కుర్చీల మీద పెట్టాం. చందాలు, దాతల విరాళాలు, బండలు, కూలీ, ఇంకుడు గుంత ఖర్చు అన్నీ రసీదులతో ఉన్నాయి. చందా బాకీ ఉన్నవారు ఈరోజే కట్టేస్తే కోశాధికారి గారికి ఇంటింటికీ తిరిగే పని తప్పుతుంది.

బాధ కలిగించిన ఒక మాట చెప్పకుండా ఉండలేను. వాట్సాప్ గ్రూపులో "సూపర్", "కంగ్రాట్స్" అని పెట్టేవాళ్లు వందకి పైనే. శ్రమదానం ఆదివారాలకి వచ్చింది ఎప్పుడూ అదే పదిహేను, ఇరవై మంది. కార్యవర్గానికి ఎన్నికై ఒక్క మీటింగుకి కూడా రానివారు ఇద్దరున్నారు. పేర్లు రాయను, వాళ్లకే తెలుసు. ఈసారి రాలేనివారు పోటీ చేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

కృతజ్ఞతలు: నోటు పుస్తకాలతో కూర్చున్న ఆరుగురు పిల్లలకి, నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులకి, ముగ్గు వేసిన ప్రతి తల్లికి, చెల్లికి, మిర్చి బండి అన్నకి, పూల అత్తమ్మకి, బండలు చెక్కిన మేస్త్రీ గారికి, కూలీకి తక్కువ తీసుకున్న ఆయన బృందానికి, పది రోజులు కరెంటు వైరు ఇచ్చిన కిరాణా సేఠ్‌కి, మంచినీళ్లు, చాయ్ అందించిన మూల ఇంటివాళ్లకి, మసీదు కమిటీకి, గుడి కమిటీకి, మంచి మనసుతో ఫైలు కదిపిన ఆఫీసు సిబ్బందికి, మా ఇళ్లలో మా మీద విసుక్కుంటూనే అన్నం వేడి చేసి పెట్టినవాళ్లకి. ఎవరినైనా మరిచిపోతే క్షమించండి.

వచ్చే ఏడాది: నాలుగో మూల మోరీ కలపడం, ట్రాన్స్‌ఫార్మర్ పక్క ఫుట్‌పాత్, స్కూలు వెనక గల్లీకి ముగ్గు గీతలు. రాజ్యాంగం 74వ సవరణ ప్రకారం జనాభా మూడు లక్షలు, అంతకు మించి ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలి. ఆ కమిటీ సమావేశంలో మన వార్డు పనులు మాట్లాడే అవకాశం కోసం రాతపూర్వకంగా అడుగుతాం.

ఇంకుడు గుంత పూడిక తీయాల్సి ఉంది. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకి చెట్టు దగ్గర కలుద్దాం. పారలు సంఘం దగ్గర ఉన్నాయి, గంపలు మీరు తెచ్చుకోండి.

ఇట్లు,
మీ కార్యదర్శి